కవరు మీద పేరైనా రాయరా అబ్బాయ్!

ఈ మధ్య మా ఇంటికొచ్చే పెళ్లి కార్డుల మీద చేత్తో రాసిన అక్షరం కనపడటం లేదు. తెల్ల కాగితం ముక్క అంటించి ఉంటుంది. దాని మీద కంప్యూటరు కొట్టిన ఇంగ్లీషు పేరు, ఒక్క అక్షరానికి కుంచించుకుపోయిన ఇంటిపేరు, చివర ‘అండ్ ఫ్యామిలీ’. అదైనా నయం. కొందరు ఖాళీ కవరు పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి, “పెన్నుందా తాతయ్యా, మీ పేరు రాసిస్తా” అంటారు. ఫోనులో వచ్చే వాటికైతే అదీ లేదు. ‘దీన్నే మా వ్యక్తిగత పిలుపుగా భావించండి’ అని కింద ఒక ముక్క. నా పేరు ఎక్కడా లేని పిలుపు నాదేనని నేనెందుకు భావించాలిరా?

మా రోజుల్లో శుభలేఖలు అచ్చు వేయించడం ఒక పూట పని, కవర్లు రాయడం వారం పని. పత్తి తీతలు అయిపోయి, మిరపకాయలు కళ్లాల మీదికొచ్చే వేళకి మాఘమాసపు ముహూర్తాలు మొదలయ్యేవి. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు అమ్ముడైతే తప్ప పెళ్లివారి చేతిలో డబ్బు ఆడేది కాదు. పొద్దంతా కళ్లంలో కాయలు తిరగేసి, తాలుకాయలు ఏరి, చీకటి పడ్డాక లాంతరు పెట్టుకుని అరుగు మీద కవర్ల కట్ట విప్పేవాళ్లం. నాలుగు మూలలా ఆడవాళ్లు పసుపు అద్దేవాళ్లు. ఎంత కడుక్కొచ్చినా మా వేళ్ల ఎరుపు కూడా కాస్త అంటేది. ఆ కవరు పట్టుకుని కళ్లు నులుముకున్న చుట్టాలు ఎంతమందో!

రాసే చెయ్యి అందరిదీ కాదు. కరణంగారో, బడి పంతులుగారో పాళీ ముంచి గుండ్రంగా రాయాల్సిందే. 1984లో కరణాలను తీసేశారు. ఆ పద్ధతిలో చెడు లేదని నేననను గానీ, ఊళ్లో మంచి దస్తూరీ మాత్రం వాళ్లతోనే పోయింది. రాసేది ఆయన, పక్కన కూర్చుని రాయించేది మా నాయనమ్మ. ఆవిడకి సంతకం రాదు, కానీ ఏ చుట్టాన్ని ఎట్లా పిలవాలో ఆవిడ నోటి మీదుండేది. మొదటి కవరు కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామికి. తిరుపతి వెంకన్నకి ఒకటి పోస్టులో. దేవస్థానం వాళ్లు ఈనాటికీ కొత్త దంపతులకు అక్షింతలు పంపుతారు, ఆ సంగతైనా మీకు తెలుసో లేదో. ఆ తర్వాత మేనమామ, ఆడపడుచులు, అల్లుళ్లు. వియ్యంకుడికి ‘మహారాజశ్రీ’, పురోహితుడికి ‘బ్రహ్మశ్రీ’, వయసులో చిన్నవాడికి ‘చిరంజీవి’, గుంటూరులో కాయలు అమ్మిపెట్టే కమీషన్ కొట్టుకి ‘మెస్సర్స్’.

అన్నిటికంటే గట్టి చిక్కు అన్నదమ్ముల దగ్గర వచ్చేది. ఒకే కప్పు కింద ఉంటున్నా పొయ్యి వేరైతే కవరు వేరు. ఇది తెలియక ఇద్దరికీ కలిపి ఒకటి పడేస్తే తమ్ముడు రాడు, వాడి అత్తవారు రారు, వాడి బండీ ఎడ్లూ కూడా రావు! పొయ్యి వేరు పడకముందే వేరు కవరు పంపామా, కాపురం విడగొట్టింది మేమేనని పెద్దాయన మా ఊరొచ్చి మరీ కేకలేసేవాడు. ఒక్క కవరు రాయాలంటే ఆ ఇంట్లో నిన్నటిదాకా ఏం జరిగిందో తెలిసుండాలి. అందుకే వారం పట్టేది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వర్లుంటే పెద, చిన అని రాసేవాళ్లం. అప్పటికీ తేలకపోతే తండ్రి పేరు, అదీ చాలకపోతే ‘చెరువుకట్ట దగ్గర’. మీ ఒంటి అక్షరం ఇంటిపేరుతో ఆ నలుగురిలో ఎవరిని పిలుస్తారో మీకే తెలియాలి.

కవరు నోరు అంటించకుండా పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ బిళ్లతో పోయేది. దారిలో పోస్టుమాన్ చదివేసేవాడు, కార్డుకి ముందే ఆ ఊళ్లోకి కబురు చేరేది. ఊరు, పోస్టు, వయా చిలకలూరిపేట, తాలూకా, జిల్లా, ఇంత రాసేవాళ్లం. 1972 ఆగస్టు 15న పిన్ కోడు పెట్టినప్పుడు, ఊరి పేరుండగా అంకెలెందుకని అందరం సణిగాం. ఇప్పుడు చీరాలనే చూడు. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ ఏడు ఫిబ్రవరి నుంచి ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, కవరు మీద జిల్లాయే మారుతూ వచ్చింది. పిన్ కోడులో ముందుండే ఆ 523 మాత్రం మారలేదు. మేం తిట్టిన అంకెలే చివరికి నమ్మకంగా నిలబడ్డాయి, కాదనను.

ఇంకొకటి కూడా కాదనను. మా కవర్ల మీద ఆడవాళ్ల పేర్లు ఉండేవి కావు. వాళ్లని బొట్టు పెట్టి పిలిచాం గదా అని సరిపెట్టుకునేవాళ్లం. భర్త పోయిన ఆవిడకి ఆ బొట్టు పిలుపూ లేదు, కవరు మీద పేరూ లేదు. పదేళ్ల కొడుకు పేరున పడేది. పొలం దున్నించేది ఆవిడ, పత్తి అమ్మేది ఆవిడ, పిలుపు మాత్రం గోచీ పెట్టుకు తిరిగే పిల్లాడికి. ఇప్పటి అమ్మాయిలు భార్యాభర్తలిద్దరి పేర్లూ రాస్తున్నారు, అది మాకంటే మేలైన పద్ధతి. అంత మంచి పని మొదలుపెట్టి, మళ్లీ అందర్నీ ‘ఫ్యామిలీ’లో కలిపేయడమే నాకు మింగుడు పడనిది.

అన్నిటికీ అమెరికా అంటారు గదా, అక్కడి సంగతైనా చూడరేం? ఎమిలీ పోస్ట్ అనే ఆవిడ 1922లో మర్యాదల మీద లావుపాటి పుస్తకం రాసింది. వాళ్ల పాత పద్ధతిలో పెళ్లి పిలుపుకి కవరులో కవరు. బయటి దాని మీద పూర్తి పేరూ చిరునామా, లోపలి దాని మీద పేర్లు మాత్రమే. అంత తీరుబడి లేని జాతే రెండు కవర్లు రాసుకుంది. మీకు ఒక్కటి బరువైపోయింది.

సరే, నువ్వు చేసుకోబోయే పెళ్లికి ఫోటోల వాడికి, పూల మండపానికి ఎంతైనా పోసుకో, నేను అడ్డు రాను. రెండు సాయంత్రాలు మాత్రం మా దగ్గర కూర్చో. నాకు చెయ్యి వణుకుతోంది, ఎవరెవరో మేం చెబుతాం, నువ్వు రాయి. తెలుగులో రాయి, ఇంటిపేరు పూర్తిగా రాయి, ‘గారు’ మర్చిపోకు. మన కవరు మీద మీ నాయనమ్మ పేరు ముందు పెట్టు, నా పేరు తర్వాత.