టేపు బాబాయి

పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక చిలకలూరిపేటలో రకరకాల పెద్దమనుషులు తయారయ్యారు. ఊరగాయ ప్యాకెట్లు కాటా వేసి సూట్‌కేసులు సర్దేవాళ్లు కొందరు. పేట ఎండలో కూర్చుని డల్లాస్ ఎండల గురించి చెప్పేవాళ్లు మరికొందరు. వీళ్లలో అరుదైన రకం టేపు బాబాయి. చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలో తిరుగుతాడు. జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. జేబులో పెన్ను లేకపోయినా ఇనప టేపు మాత్రం ఉండి తీరుతుంది.

పెళ్లికి పిలవడానికి వెళ్తే, శుభలేఖ ఇంకా చేతికి అందకముందే మొదలెడతాడు.

"కల్యాణమండపానికి మెట్లున్నయ్యా అబ్బాయ్?"

"అస్సలు లేవు బాబాయ్, రెండే!"

ఈ జవాబు విని విని ఆయనకు రెండు అనే అంకె మీదే నమ్మకం పోయింది.

కూతురు డల్లాస్ పక్కన ఇల్లు కొనుక్కుంది. పడగ్గదులన్నీ మేడ మీదే. "మేమున్నాం కదా మామయ్య గారూ, ఎత్తుకుని తీసుకెళ్తాం" అన్నాడు అల్లుడు. "నలుగురూ ఎత్తే రోజు ఒకటి ఎటూ వస్తదిలే అల్లుడూ, అప్పటిదాకా ఆగు" అన్నాడు బాబాయి. ఇక బస చూసుకోవాలి. చవగ్గా ఉండాలి, కుర్చీ పట్టాలి.

పేటలో రాత్రి తొమ్మిదిన్నరైతే వేసవిలో డల్లాస్‌లో పొద్దున పదకొండు. అదీ ఆయన ఫోన్ల వేళ. హోటళ్ల ఫొటోలు ఆయన ముందు పనిచేయవు. పైన మేలు పత్తి పరిచి అడుగున తడిసింది కూరిన బస్తాలు ఎన్ని చూసిన కళ్లో అవి! ఫోనెత్తినవాడిని ముందు అడిగే ప్రశ్న, "మొత్తం ఎన్ని గదులండీ?" అవతలివాడు కొనుగోలు బేరం అనుకుని యజమానిని పిలుస్తాడు. ప్రశ్న వెనక లెక్క వేరే ఉంది. వికలాంగుల కోసం అమెరికాలో 1990లో చట్టం వచ్చింది. దాని 2010 నాటి కొలతల ప్రకారం, కుర్చీతో సహా లోపలికి దొర్లిపోయి నీళ్లు పోసుకునే స్నానాలగది యాభై ఒకటీ ఆపైన గదులున్న హోటలుకే తప్పనిసరి. యాభై, ఆలోపైతే తొట్టికి పట్టుకునే కమ్మీలు బిగించి చేతులు దులుపుకోవచ్చు. తొట్టి గోడ దాటేదెట్టా అన్నది మన బాధ.

ఆ దొర్లిపోయే స్నానాలగది ఫొటో చూసి బాబాయి పగలబడి నవ్వాడు. చదును నేల, మూల తూము, కూర్చోడానికి పీట. ఒక్క బకెట్టూ చెంబూ పెడితే అచ్చం మన పేట బాత్రూమే. కాకపోతే మనం దానికో గట్టు కడతాం, గదికో గడప పెడతాం, గడపకు పసుపు రాస్తాం. పసుపు రాసిన దాన్ని పగలగొట్టమంటే ఊరుకుంటారా!

చివరికి దొరికింది ఊరి బయట రోడ్డు పక్క మోటెల్. గదులు అరవై. యజమాని గుజరాతీ. బాబాయి మిల్లు హిందీ వినగానే "కాకా" అని వరస కలిపాడు. ఇక వదులుతాడా? ఫోన్లో ఉండగానే అతని చేత టేపు పట్టించాడు. తలుపు సందు 32 అంగుళాలు, చట్టం చెప్పినంతే. బాబాయి కుర్చీ వెడల్పు 25. మంచం దగ్గరికొచ్చేసరికి తేడా కొట్టింది. పరుపు 26 అంగుళాల ఎత్తు, కుర్చీ సీటు 20. మంచం ఎత్తు గురించి ఆ కొలతల పుస్తకంలో ఒక్క ముక్క లేదు మరి. "పరుపు కింద పెట్టె ఉంటది చూడు, అది తీసెయ్" అని పేట నుంచే మంచం దించించాడు.

అద్దె మిగతా గదుల అద్దే. కుర్చీ గదికని ఎక్కువ అడగడం అక్కడ చట్టవిరుద్ధం. 2012 నుంచి ఇంకో సంగతి కూడా అమల్లోకి వచ్చింది: అలాంటి గది ఒకసారి బుక్ చేస్తే మీ పేరునే అట్టిపెట్టాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు. పైగా కారు ఆగిన చోటే తలుపు తెరుచుకునే చవక మోటెల్ కుర్చీ మనిషికి పాలరాతి హోటలు కన్నా ఎంతో నయం. ఈ మాట నాది కాదు, ఆయన తీర్పు. నేనూ ఒప్పుకుంటాను.

తీరా ప్రయాణం రోజున విమానాశ్రయంలోనే ఆయనకు చిర్రెత్తింది. ఇంగ్లీషు భయానికి కుర్చీ అడిగి తీసుకున్న మనవాళ్లు వరసగా కూర్చున్నారు. కాఫీ కనబడగానే అందరూ లేచి నడిచారు!

ఇప్పుడు పేటలో ఎవరు విదేశం వెళ్లినా బాబాయి దగ్గరికొస్తారు. ఆయనేమో తిరిగొచ్చాక, మెట్ల పక్కన వాలు కట్టమని మన లాడ్జీల మీద పడ్డాడు. హైవే పక్కనున్న యజమానులకు నాదీ అదే మనవి. 2016 నాటి మన వికలాంగుల చట్టం ప్రైవేటు వాళ్లకూ వర్తిస్తుంది. ఏడంగుళాల మెట్టుకు ఏడడుగుల వాలు చాలు. రెండు బస్తాల సిమెంటు పని. ఈ వేసవి లోపల పోయించండి. బాబాయి టేపుతో వస్తాడు.