తుండుగుడ్డ కింద దరఖాస్తు

మా మేనకోడలు శ్రావ్య ఇంటర్‌లో ఎంఈసీ చదివింది. అదేమిటని అడిగే బంధువులు ఇప్పటికీ ఉన్నారు. తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు రెండే రకాలు, ఎంపీసీ, బైపీసీ. మిగతావాళ్లు జనాభా లెక్కల్లో ఉంటారు గానీ పెళ్లిళ్లలో ఎవరూ పలకరించరు. ఆ మధ్య ఒక పెళ్లి పందిట్లో ఒకావిడ ఎంఈసీ అన్న మాట వినగానే మా అక్క చెయ్యి పట్టుకుని, “పోనీలే అమ్మా, పిల్ల ఆరోగ్యంగా ఉంది కదా, అదే పదివేలు” అంది.

అలాంటి పిల్ల మొన్న మార్చిలో, పరీక్షలైన మర్నాడు, అన్నంలో పెరుగు కలుపుకుంటూ “నాన్నా, ఇండోర్ ఐఐఎంలో ఐపీఎంకి అప్లై చేద్దామనుకుంటున్నా” అంది.

ఆ వాక్యంలో ఉన్నది అప్లై చేయడం ఒక్కటే. అదొక్కటీ ఎవరికీ వినపడలేదు. బావకి ముప్పై లక్షలని వినపడింది. అక్కకి మధ్యప్రదేశ్ అని వినపడింది. మర్నాడు సాయంత్రానికల్లా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో సభ ఏర్పాటైంది. నన్నూ రమ్మన్నారు. పేపర్లో రాస్తాను కాబట్టి నాకన్నీ తెలుసని అక్క నమ్మకం. పేపర్లో రాసేవాళ్లకి ఎంత తెలుసో తోటి పేపరువాళ్లకి తప్ప బయటివాళ్లకి తెలియదు. వృత్తి రహస్యం.

సంగతేమిటంటే, 1961లో కలకత్తాలో, అహ్మదాబాద్‌లో ఐఐఎంలు మొదలైనప్పుడు డిగ్రీ అయినవాళ్లనే చేర్చుకునేవి. సరిగ్గా యాభై ఏళ్లకి, 2011లో, ఇంటర్ అవగానే పట్టుకుంటే పోలా అనుకుని ఇండోర్ ఐఐఎం ఐపీఎం అనే ఈ అయిదేళ్ల కోర్సు పెట్టింది. దాని వెనకాలే రోహ్‌తక్, రాంచీ, జమ్ము, బోధ్‌గయ. పదిహేడేళ్ల పిల్లల్ని పట్టుకోవడం ఏదో కొత్తగా కనిపెట్టామని వాళ్లు మురిసిపోతూ ఉండొచ్చు. మన దగ్గర ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ ఉంది. పాలపళ్లు పూర్తిగా ఊడకముందే ర్యాంకు వచ్చేస్తుంది. ఆ లెక్కన ఐఐఎంలు మనకంటే ఆరేళ్లు వెనకబడి ఉన్నాయి.

బావ ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో చీఫ్ మేనేజరు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల ఆశలన్నిటినీ ప్రపోజల్ అని పిలిచి, ఫైల్లో పెట్టి, పక్క టేబులుకి పంపుతున్నాడు. కూతురి విషయంలోనూ చెయ్యి ఊరుకోలేదు. ఒక తెల్లకాగితం తీసి గీతలు కొట్టాడు. దరఖాస్తుదారు: శ్రావ్య. వయసు: 17. వ్యాపారానుభవం: తొమ్మిదో తరగతిలో ప్రమిదలకి రంగులేసి దీపావళికి అపార్ట్‌మెంట్‌లో అమ్మగా 1,140 రూపాయల లాభం. ముడిసరుకు తండ్రి కొనిచ్చినందున సదరు లాభం పరిశీలించవలసి ఉన్నది.

“నాన్నా, ఆ డబ్బులు నువ్వే అప్పు తీసుకున్నావ్. ఇంకా ఇవ్వలేదు” అంది శ్రావ్య.

బావ వినపడనట్టు అప్పుల అధ్యాయంలోకి వెళ్లిపోయాడు. విద్యారుణమైతే నాలుగు లక్షల దాకా మార్జిన్ అడగరు, ఆపైన మన దేశంలో చదువుకి అయిదు శాతం. కోర్సు ఉన్నన్నాళ్లూ, ఆపైన ఇంకో ఏడాదీ కిస్తీ కట్టక్కర్లేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద పేరున్న సంస్థలో సీటొస్తే తాకట్టూ అక్కర్లేదు, హామీదారూ అక్కర్లేదు. కళ్లు మూసుకుని అప్పజెప్పాడు.

“మరింకేం, ఇంత సులువైతే?” అన్నాను.

“ఊళ్లోవాళ్ల పిల్లలైతే రేపే శాంక్షన్ చేస్తాను. సొంత పిల్ల కదా, రిస్కు ఎక్కువ” అన్నాడు.

పైగా ఇంకో మెలిక పెట్టాడు. 2017లో చట్టం వచ్చేదాకా ఐఐఎంలు ఎంబీఏ డిగ్రీ ఇవ్వనేలేదట, ఇచ్చిందంతా డిప్లొమానేనట. నిజమే. యాభై ఏళ్లకు పైగా డిప్లొమావాళ్లు ఈ దేశంలో పెద్ద పెద్ద కంపెనీలు నడిపారు. డిగ్రీవాళ్లు ఆ కంపెనీల బయట బయోడేటా పట్టుకుని నిలబడ్డారు. ఇందులో బావ వాదానికి బలం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు, ఆయనకి మాత్రం బాగా అర్థమైనట్టు కనిపించింది.

ఈలోగా 402 ఆయన వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఆర్కిటెక్టు. పిలవలేదు. చక్కెరకని వచ్చి, సోఫాలో కూచుని, గిన్నె పక్కన పెట్టి, “ముందు ఇంజినీరింగ్ చేయించండి సార్, ఎంబీఏ తర్వాత” అన్నాడు. “సత్య నాదెళ్ల ఏం చేశారు? మణిపాల్‌లో ఇంజినీరింగ్, ఆనక షికాగోలో ఎంబీఏ. శంతను నారాయణ్? ఉస్మానియాలో ఇంజినీరింగ్, ఆనక బర్క్‌లీలో ఎంబీఏ.” కాదనడానికి లేదు. అయితే వాళ్లిద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నవాళ్లు. ఉదాహరణని గట్టిగా పట్టుకుంటే అసలు వేయాల్సిన దరఖాస్తు అక్కడ వేయాలి. దాని గడువు పన్నెండేళ్ల కిందట దాటిపోయింది.

“అంకుల్, నాకు ఫిజిక్స్ లేదు, కెమిస్ట్రీ లేదు. ఇంజినీరింగ్ ఎలా చేస్తాను?” అంది శ్రావ్య.

“అదెంతమ్మా, ఒక్క రెండేళ్లు పోతాయి అంతే” అన్నాడాయన. చక్కెర తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “మా అమ్మాయినైతే ఇలాంటివాటి జోలికి పోనివ్వను సార్” అని కూడా అన్నాడు. ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ఎడిసన్ నుంచి పెద్దక్క కొడుకు ఫోన్లో చేరాడు. వాడి దృష్టిలో ఇండోరేమిటి, చదివితే వార్టన్‌లో చదవాలి. మంచిదే. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పెట్టిన మొదటి బిజినెస్ స్కూలది, 1881లో మొదలైంది. జోసెఫ్ వార్టన్ అనే వ్యాపారి లక్ష డాలర్లిస్తే పెట్టారు. ఆ మనిషి జింకులో, నికెలులో సంపాదించాడు. తాను మాత్రం కుర్రతనంలో ఒక కొట్లో చేరి చిట్టా ఆవర్జాలు రాయడం నేర్చుకున్నాడు. ఈ ముక్క చెప్పగానే అంతదాకా మూలన పడక్కుర్చీలో కళ్లు మూసుకున్న పెద్దాయన కళ్లు తెరిచాడు.

బావ వాళ్ల నాన్నగారాయన. గుంటూరు మిర్చి యార్డులో నలభై ఏళ్లు కమిషన్ వ్యాపారం చేశారు. తేజ రకానికీ 334కీ తేడా చూసి కాదు, గదిలోకి వస్తూ తుమ్మిన తుమ్మును బట్టి చెప్పగలరు.

“నికెలు ఎవరికమ్మాడు?”

“అమెరికా సర్కారుకి, నాణేలు చేయడానికి.”

“అదీ వ్యాపారం” అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

అక్క అభ్యంతరాలు వేరే తరహావి. ఇండోర్‌లో పొద్దున్నే అటుకులూ జిలేబీ తింటారని ఎవరో చెప్పారు. “అటుకులంటే కృష్ణాష్టమికి తినేవి కాదురా? రోజూ తింటే ఏమవుతుంది పిల్ల?” అని నన్నడిగింది. కుచేలుడు తెచ్చిన అటుకులు తిన్నవాడికి ద్వారకలో ఏ లోటూ రాలేదనబోయి ఊరుకున్నాను. ఆవిడకి నచ్చిన అంశం ఒక్కటే. మూడేళ్లు చదివాక వద్దనుకుంటే ఒక డిగ్రీ తీసుకుని బయటికి వచ్చేయొచ్చు. “విజయవాడ బస్సు సూర్యాపేటలో ఆగినట్టన్నమాట” అని కాస్త స్థిమితపడింది. అంతలోనే పాఠ్యాంశాలు చదివి మళ్లీ గుండె పట్టుకుంది. మొదటి మూడేళ్లలో లెక్కలు, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం సరే, సంగీతం, నాటకం లాంటివి కూడా ఉన్నాయి.

“వ్యాపారం నేర్పే చోట నాటకాలేమిటండీ మావయ్యగారూ?”

పెద్దాయన కళ్లు తెరవకుండానే, “నాటకం రాకుండా వ్యాపారమేమిటమ్మా” అన్నారు.

ఆరోజు సభ తీర్మానం లేకుండా ముగిసింది. తర్వాత ఇంకో నాలుగు సభలు జరిగాయి. అన్నిటికీ వెళ్లాను, అన్నిటిలోనూ కాఫీ తాగాను. ఢిల్లీ కాలేజీలు సీయూఈటీ రాస్తే వస్తాయి కదా అని ఒకరోజు నడిచింది. సీఏ ఫౌండేషన్ చేస్తే ఇంటి దగ్గరే ఉంటుంది కదా అని ఒకరోజు. డిగ్రీ అయ్యాక క్యాట్ రాయొచ్చు కదా అని ఒకరోజంతా. దానికి శ్రావ్య, 2023లో క్యాట్‌కి 3.28 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారని చెప్పింది. అంతమందిలో కష్టమే అన్నాడు బావ. మరి ఇండోర్ ఐపీఎంకి? అక్కడ నూటయాభై సీట్లే, ఇంకా కష్టం అన్నాడు. అంటే ఎక్కువమంది రాస్తే కష్టం, తక్కువ సీట్లుంటే కష్టం. ముప్పై ఏళ్లు అప్పులిచ్చినవాడికి లోకంలో కష్టం కానిది కనిపించకపోవడంలో వింత లేదు.

పరీక్ష సంగతి కూడా ఆయనే విడదీసి చెప్పాడు. మూడు విభాగాలు, ఒక్కొక్కదానికి నలభై నిమిషాలు, ఒకదాన్లో మిగిలిన టైము ఇంకోదానికి వాడుకోకూడదు. ఆప్షన్లున్న ప్రశ్నకి తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. లెక్కల్లో జవాబు మనమే రాసే విభాగంలో మాత్రం తప్పుకి కోత లేదు, తోచింది రాసేయొచ్చు. “ఈయన ఇంట్లో మాట్లాడేదంతా ఆ సెక్షనేరా” అంది అక్క నాతో, లోగొంతుకతో కూడా కాదు.

గడువు ఇంకో రెండు రోజులుందనగా పెద్దాయన పడక్కుర్చీలోంచి లేచారు. నెలరోజుల్లో ఆయన సొంతంగా లేవడం అదే మొదలు.

“ఫారం ఎంతరా?”

“నాలుగు అంకెల్లో ఉంది నాన్నా.”

“సీటొస్తే చేరి తీరాలని రాయించుకుంటారా?”

“లేదు.”

“రాకపోతే పోయేది ఆ ఫారం డబ్బులేనా?”

“అంతే.”

“ఈ నెలరోజుల్లో కాఫీపొడికి ఎంతయింది?”

అక్క లోపలికి వెళ్లి లెక్క చూసి వచ్చింది. చెప్పలేదు. నా వైపు మాత్రం ఒకసారి చూసింది.

“టిక్కీ విప్పి సరుకు చూపించినంత మాత్రాన అమ్మేసినట్టు కాదురా” అన్నారు పెద్దాయన. “చూపించాలి. ధర వినాలి. నచ్చకపోతే ఏసీ గోడౌన్లో పెట్టుకోవాలి. చూపించకుండానే ఇంట్లో కూచుని ధరెంత పలుకుతుందో, లారీ బాడుగ ఎంతవుతుందో, ఆ డబ్బు ఎక్కడ దాచాలో మాట్లాడుకునేవాణ్ణి యార్డులో ఏమంటారో తెలుసా?”

ఏమంటారో ఆయన చెప్పారు. పేపర్లో వేయరు.

అప్పుడు బయటపడింది అసలు విషయం. బావ కాసేపు నేల చూసి, “డబ్బు కాదు నాన్నా. రాకపోతే...” అని ఆగాడు. రాకపోతే పిల్లకేమీ కాదు. ఇంకో నాలుగు దారులున్నాయి, అది దానికి తెలుసు. అయితే అపార్ట్‌మెంట్‌లో తెలుస్తుంది. బ్యాంకులో తెలుస్తుంది. ఆ పెళ్లి పందిట్లో ఆవిడకి తెలుస్తుంది. మన దగ్గర సీటు రానివాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, రాలేదని ఊరికి తెలిసినవాళ్లే ఫెయిలైనవాళ్లు. నెలరోజుల ప్రపోజలు, మార్జిన్లు, నాదెళ్ల, అటుకులు, అన్నీ ఆ ఒక్క మాట పైన కప్పిన దుప్పట్లు.

ఇది విని పెద్దాయన నవ్వారు. వెనకటి రోజుల్లో బేరగాళ్లు తుండుగుడ్డ కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లట. పక్కవాడికి తెలియకూడదు. తెగితే తెగింది, తెగకపోతే గుడ్డ దులిపి భుజాన వేసుకుని పోవడమే.

“అంత సిగ్గయితే గుడ్డ కప్పుకుని రాయించు. రాయించడం మాత్రం మానకు.”

బావ ముఖం వెలిగింది. ముప్పై ఏళ్లలో ఇంత చక్కని ప్రపోజల్ ఆయన చూడలేదు. అప్పటికప్పుడు ఫారం తెరిచాడు. పరీక్ష కేంద్రం దగ్గర హైదరాబాద్ అని శ్రావ్య నొక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. హైదరాబాద్‌లో అయితే ఎవరైనా చూస్తారు. బెంగళూరు పెట్టు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏమని చెప్పాలి? అదీ ఆలోచించాడు. మే నెలలో తిరుపతి మొక్కు. పిల్ల ఇంటర్ పాసైతే వస్తామని మొక్కుకున్నాం. ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అబద్ధానికి దేవుణ్ణి వాడుకోవడం అక్కకి ఇష్టం లేదు. సీటొస్తే నిజంగానే వెళ్దామని సర్దిచెప్పాడు. దేవుడికి కూడా ఒక ఏడాది మారటోరియం పెట్టాడన్నమాట.

శ్రావ్య అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. ఫారం పూర్తయ్యాక తండ్రి ముందు చెయ్యి చాపి, “1,140” అంది.

మే రెండో వారంలో వాళ్లు బయల్దేరిన రాత్రి సాగనంపడానికి వెళ్లాను. బావ కిందికి దిగుతూ ఎదురైన ప్రతివాడికీ, అడక్కపోయినా, గోవిందా అని చెప్పాడు. క్యాబ్ బస్సు ఎక్కే చోటికి వెళ్లిపోయింది. నేను గేటు దగ్గర వాచ్‌మన్ యాదగిరితో నిలబడ్డాను. అతని రిజిస్టరులో ఆ రాత్రి వెళ్లినవాళ్ల పేర్లున్నాయి. 203. 304. 402. 501. మా అక్కవాళ్లది 305. అన్నిటికీ ఎదురుగా ఒకటే రాసి ఉంది: తిరుపతి.

402 రెండుసార్లు చదివాను.

“ఈ ఎండాకాలం అందరికీ మొక్కులే ఉన్నయి సార్” అన్నాడు యాదగిరి. “అందరూ బెంగళూరు బస్సే ఎక్కిన్రు. పోయినేడు గూడ గిట్లనే పోయిన్రు. లడ్డు మాత్రం ఒక్కలు గూడ తేలే.”