పొల్లు మీట

పాత తెలుగు పుస్తకాల పీఠికల్లో కొందరు రచయితలు ‘నేను’ అనేవారు కాదు, ‘ఈ గ్రంథకర్త’ అని రాసుకునేవారు. ఇక్కడ కథ చెబుతున్నది ఒక పాత లెనోవో యంత్రం. అదీ ఆ మర్యాదే పాటిస్తూ ‘ఈ ల్యాప్‌టాప్’ అని చెప్పుకుంటుంది. తన బతుకులో సగానికి పైగా తనను కొనుక్కున్నామె బతుకే కాబట్టి ఆ వరసే సబబు.

ఈ ల్యాప్‌టాప్ తొలి కొలువు హైటెక్ సిటీలో, ఒక కంపెనీ అద్దెకు తెచ్చుకున్న గుట్టలాంటి యంత్రాల్లో ఒకటిగా. గడువు తీరాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరింది. 2019 డిసెంబరులో హనుమకొండ నుంచి వచ్చిన ఒకామె గంటసేపు బేరమాడి 14,500 రూపాయలకు కొన్నది. తెర మెరుపు చూడలేదు, బరువు చూడలేదు. వేళ్లు ఆడించి చూసి, “మీటలు గట్టిగున్నయా భయ్యా? నాకు గదే ముఖ్యం” అన్నది.

ఎందుకు ముఖ్యమో నెల తిరక్కముందే తెలిసింది. ఆమె ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పదకొండేళ్లుగా సబ్ ఎడిటర్. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, కిందికి చూడకుండా టైపు చేస్తుంది. మీటల మీద ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలే. అయినా ‘కె’ నొక్కితే క పడుతుంది, ‘జె’ నొక్కితే ర, ‘ఎక్స్’ నొక్కితే సున్న. ‘డి’ నొక్కితే పొల్లు. తెలుగులో ఏ ఒత్తు పడాలన్నా ముందు పొల్లు పడాల్సిందే. ‘స్వతంత్ర’ అనే మాటకు ఎనిమిది నొక్కులు, అందులో రెండు ‘డి’వే. అందుకే ఈ ల్యాప్‌టాప్ ఒంటి మీద అన్నిటికన్నా ముందు అరిగింది ఆ మీటే. ఏడాదిన్నరకు దాని మీది అక్షరం పూర్తిగా చెరిగిపోయి నున్నటి నల్ల పలక మిగిలింది.

సాయంత్రాలు నాలుగు అనువాదాలు చేసుకుంటే పాప ఫీజుకు సాయమవుతుందనే ఆమె ఈ యంత్రాన్ని కొన్నది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ప్రకటనలు ఎండిపోయాయి, జిల్లా పేజీలు తగ్గాయి, జూన్‌లో ఆమె ఉద్యోగం పోయింది. ఆమె కథలు పంపుకుందామనుకున్న చోట్లు కూడా మూతపడ్డాయి. నవ్య వారపత్రిక, విపుల, చతుర మాసపత్రికలు అచ్చులో రావడం ఆ కష్టకాలంలోనే ఆగింది. భర్త ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారు. బడి మూతపడితే జీతం లేదు. 2021 మార్చి చివర్లో బడులు రెండోసారి మూసినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆయన బియ్యం సంచి భుజాన మోసుకొచ్చి గోడకు ఆనించి, ఏమీ మాట్లాడకుండా కూర్చుండిపోయిన మధ్యాహ్నం ఈ ల్యాప్‌టాప్ అదే గదిలో ఉంది. ఆమె టైపు చేయడం ఆపింది. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టింది. ఆ రాత్రి మూడింటి దాకా ఆపలేదు.

ఏం రాసేది? యాప్‌ల తెర మీది మాటలు, ఆసుపత్రి కరపత్రాలు, పురుగుమందు డబ్బాల హెచ్చరికలు, యూట్యూబ్ వీడియోలకు స్క్రిప్టులు, ఆడియో సీరియల్ ఎపిసోడ్లు. రాసిన దానికి పేరుండదు. తెలుగువాళ్లు రోజూ ఫోన్‌లో చదివే మాటల్లో చాలావాటి వెనక ఇలాంటి పేరులేని చేతులున్నాయి. ఆ చేతుల్ని చూసి ఇరుగుపొరుగు “ఇంట్లనే ఉంటది గదా, ఖాళీయే” అనుకోవడం ఈ ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. చార్జర్ తీగ వేడెక్కేది ఖాళీగా ఉండి కాదు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. ఈ పనికి కూలి పదానికి ఇంత అని కడతారు. ఆమెకు మొదట్లో పదానికి అరవై పైసలు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, తెలుగు సంగతి తెలియనంత వరకు. ఇంగ్లిషులో ‘బికాజ్ దే కుడ్ నాట్ కమ్’ అంటే ఐదు పదాలు. తెలుగులో ‘రాలేకపోయినందువల్ల’, ఒకే పదం. మన భాష మాటకు మాట అతుక్కుంటూ పోతుంది. విభక్తి విడిగా నిలబడదు, కాదు లేదులు క్రియలో కలిసిపోతాయి. ఐదు పదాల అర్థాన్ని ఒక్క పదంలో పొందికగా ఇమిడ్చినందుకు ఆమెకు ఐదో వంతు కూలి! ఒక రాత్రి ఆమె పాత ఫైళ్లన్నీ తెరిచి పదాలు లెక్కపెట్టించింది. ఈ ల్యాప్‌టాప్ లెక్క తప్పదు. వెయ్యి ఇంగ్లిషు పదాల ఆసుపత్రి కరపత్రం ఆమె చేతిలో 720 తెలుగు పదాలయింది. మాటను సాగదీసి, ‘రావడానికి వీలు కాకపోయిన కారణం చేత’ అని రాస్తే కూలి పెరిగేది. ఆమె అలా రాయలేదు. డెస్కులో ఇతరుల వాక్యాలు చిక్కగా దిద్దిన మనిషి తన వాక్యాన్ని నీళ్లు కలిపి అమ్మలేదు.

దానికి బదులు పని ఇచ్చే ఏజెన్సీలకు ఉత్తరం రాసింది. మూల ప్రతిలోని పదాలకు లెక్క కట్టండి, తెలుగు ప్రతిలోని పదాలకు కాదు అని. రెండు ఒప్పుకోలేదు. మూడో ఏజెన్సీ ఒప్పుకుంది. అప్పటి నుంచి ఆమె కొత్తవాళ్లు ఎవరు అడిగినా ముందు చెప్పే మాట అదే.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. కొన్ని నెలల్లో పని తీరు మారిపోయింది. అనువాదం యంత్రమే చేసి పంపుతుంది, మీరు దిద్దండి చాలు, సగం రేటు అన్నారు. దిద్దడమంటే ఏమిటో చూడాలి. గాయం మానకుండా ‘డిశ్చార్జ్’ వస్తుంటే డాక్టరును కలవమని ఇంగ్లిషు కరపత్రంలో ఉంటే, ఈ తెర మీదికి వచ్చిన తెలుగులో ‘గాయం నుండి విడుదల’ అని ఉంది. అదే కాగితంలో మందు కాస్తా మాదకద్రవ్యమయింది. ఆమె అత్తమ్మను పిలిచి అడిగింది. “అత్తమ్మా, పుండు నుంచి నీళ్ల లెక్క, చీము లెక్క కారితే ఏమంటరు?” “రసి కారుడంటరు బిడ్డా, ఇంకేమంటరు.” ‘పుండు రసి కారితే’ అని పడింది. షుగరు పుండుతో కాలు పోయేదాకా తెచ్చుకునే ఊళ్లలో ఆ ఒక్క మాటకు ఉండే విలువ ఏ రేటు పట్టికలోనూ కనిపించదు. ఈ ల్యాప్‌టాప్ కూడా యంత్రమే, తోటి యంత్రం చేసే పనిని తక్కువ చేయదు. కానీ రసి అనే మాట ఆ రోజు వంటింట్లోంచి వచ్చింది. అలాంటి దిద్దుబాటుకు తిరిగి రాసినంత సమయం పడుతుందని, తప్పులన్నీ ఎర్ర రంగులో చూపించి మరీ ఆమె గంట లెక్కన కూలి అడిగింది. సగం పనులు చేజారాయి. ఆసుపత్రి పనులు నిలిచాయి.

చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడం మరో పని. “పైసలు వచ్చినయా బిడ్డా?” అని అత్తమ్మ అడగడం, “ఇంకా రాలే అత్తమ్మా” అనడం ఆ ఇంట్లో వాడుకగా మారింది. లెక్కల సారే దారి కనిపెట్టాడు. సూక్ష్మ, చిన్న సంస్థల కోసం 2006లో చేసిన చట్టం ఒకటుంది. ఫ్యాక్టరీలకే కాదు, సేవలు అందించే ఒంటరి మనిషికీ వర్తిస్తుంది. ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్ నంబర్లతో నమోదు చేసుకోవచ్చు, రుసుము లేదు. ఒప్పందంలో ఏం రాసుకున్నా కొన్నవారు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేయాల్సి వస్తే కొన్నవారి ఊరికి పోనక్కర్లేదు, అమ్మినవారి రాష్ట్రంలోని మండలి వింటుంది.

2022లో ఆమె నమోదు చేసుకుంది. మరుసటి ఏడాది వేరే రాష్ట్రంలోని ఒక ఏజెన్సీ 38,400 రూపాయల బిల్లును నాలుగు నెలలు తొక్కిపెట్టింది. అడిగిన ప్రతిసారీ అకౌంట్స్ వాళ్లు సెలవులో ఉన్నారన్నది. ఆమె ఒక పేజీ ఉత్తరం రాసింది. చట్టం పేరు, 15, 16 సెక్షన్లు, ఉద్యమ్ నంబరు, ఆనాటి వరకు వడ్డీ. కోపం లేదు, బతిమాలడం లేదు. పదకొండు రోజులకు అసలు వచ్చింది. వడ్డీ రాలేదు, ఆ ఏజెన్సీ మళ్లీ పనీ ఇవ్వలేదు. ఆ డబ్బులోంచే 900 పెట్టి చౌరస్తా దగ్గర ఈ ల్యాప్‌టాప్‌కు కొత్త కీబోర్డు వేయించారు. ‘డి’ మీద అక్షరం మళ్లీ తెల్లగా కనిపించింది, ఇప్పుడు మళ్లీ సగం చెరిగింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే రక్షణ మరమ్మతులు ఆగాయి. ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసరు. విండోస్ 11కు సాధారణంగా ఎనిమిదో తరమైనా ఉండాలి. కొత్తది కొందామా అని భార్యాభర్తలు రెండు వారాలు లెక్కలు వేశారు. పాప ఇంటర్ ఫీజు ఉంది. చివరికి పక్కింటి ఇంజినీరింగ్ పిల్లవాడు ఒక ఆదివారం వచ్చి విండోస్ బదులు ఉబుంటు ఎక్కించాడు. “అక్కా, తెలుగు వస్తదో లేదో చూడు” అన్నాడు.

ఆమె ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుని ‘స్వాతంత్ర్యం’ అని కొట్టింది. పన్నెండు నొక్కులు, అందులో మూడు పొల్లులు. అక్షరాలు సరిగ్గా అల్లుకుంటున్నాయో లేదో తెలియాలంటే ఆ మాటే కొట్టి చూడాలని డెస్కులో నేర్చుకుంది. త కింద ఉన్న ఒత్తులు రెండూ విడిపోకుండా, కుదురుగా పడ్డాయి. ఆమె చెరిపేసి, బిల్లుల ఫోల్డరు తెరిచి, కొత్త బిల్లుకు నంబరు వేసింది.