వెయిటింగ్ లిస్టు గృహస్థు మొర

మా పాతబస్తీ పేర్లు పెట్టుకుని దేశం తిరిగే రైళ్లు రెండున్నాయి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదులో బయలుదేరి హౌరా పోతుంది. ఫలక్‌నుమా స్టేషను ఏ దిక్కున ఉందో దానికి తెలియదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ మద్రాసు వైపు పోయి వస్తుంది గాని చార్మినార్ మొహం ఎన్నడూ చూడలేదు. పేరు మాది, రైలు ఊళ్లోవాళ్లది. దీని మీద ఇంతవరకు ఎవరూ కోర్టుకెక్కలేదంటే మా బస్తీవాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి.

మా పేరు పెట్టుకోని రైలు చేసే అన్యాయం ఇంకా పెద్దది. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కాచిగూడలో బయలుదేరి తిరుపతి మీదుగా చిత్తూరు పోతుంది. కాచిగూడ దాటితే మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. మేముండేది ఉప్పుగూడలో. రైలు మా ఇంటి వెనక నుంచే పోతుంది, ఆగదు. కాబట్టి ఏడుకొండలవాడి దర్శనానికి బయలుదేరిన గృహస్థు సామాన్లు, సంసారం, నీళ్ల సీసాలు ఆటోలో కుక్కుకుని ముందు వెనక్కి కాచిగూడ పోవాలి. అక్కడ రైలెక్కి మళ్లీ తన ఇంటి వెనక నుంచే తిరుపతి పోవాలి. సరిగ్గా అప్పుడే మా ఆమె కిటికీలోంచి చూసి, "మేడ మీద లైటు ఆర్పలేదయ్యా నువ్వు" అంటుంది. గొలుసు లాగితే జరిమానా. లాగకపోతే తిరుపతి దాకా అదే ముచ్చట.

ఇవన్నీ ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది సీటు సంగతి.

వెనకటికి రిజర్వేషను రిజిస్టర్లలో రాసేవారు. కౌంటరులో గుమాస్తా పేజీలు తిప్పి, కళ్లజోడు పైనుంచి మనల్ని ఒకసారి చూసి "లేదు" అనేవాడు. మనిషి ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు. తర్వాత కంప్యూటరొచ్చింది. దేశమంతటా ఒకే పద్ధతిలో టికెట్లిచ్చే 'కాన్సర్ట్' అనే ఏర్పాటును 1994లో మొట్టమొదట పనిలో పెట్టింది మన సికింద్రాబాదులోనే. అంటే భారతదేశంలో ఏ మూల ఎవరు వెయిటింగ్ లిస్టులో పడి కుమిలినా ఆ బాధకు పుట్టిల్లు మన జంటనగరాలే. బిర్యానీ గురించి అంత చెప్పుకుంటాం, ఈ ఘనత మాత్రం ఒక్కడూ నోరెత్తి చెప్పడు.

కంప్యూటరు అంత తొందరగా "లేదు" అనదు, అదీ నా గొడవ. జాబితా నిండి పొర్లాక గాని దానికి ఆ మాట నోట రాదు. అందాకా పైసలు పూర్తిగా తీసుకుని, చేతిలో నలభై మూడు అని ఒక అంకె పెడుతుంది. బంతి భోజనాల్లో తినేవాళ్ల వెనక నిలబడి, ఎవరు ఎప్పుడు చేయి కడుక్కుంటారా అని విస్తళ్లలోకి చూసే బతుకు అప్పట్నుంచి మొదలు. పైగా నిలబడే వరసలు కూడా ఒకటి కాదు. రైలు బయలుదేరే ఊళ్లో ఎక్కి చివరిదాకా పోయేవాడిది జనరల్ జాబితా, అది కాస్త కదులుతుంది. మధ్య ఊళ్లలో ఎక్కేవాడికి రిమోట్ అనీ, పూల్డ్ అనీ వేరే జాబితాలు. అవి కదలడం మనవళ్లు చూడాలి. పొద్దున లేచి దేవుడి పటానికి దండం పెట్టే ముందే పీఎన్‌ఆర్ పది అంకెలు కొట్టి చూసుకునే గృహస్థులు ఈ ఊళ్లో ఎంతమందో.

చార్టు తీసేదాకా జాబితాలోనే ఉండిపోతే ఆన్‌లైన్ టికెట్టు దానంతటదే రద్దవుతుంది, తలకు ఇంతని కోసుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. సీటు ఇవ్వనందుకు రుసుము మనమే కట్టడం, ఇదొక విశేషం.

న్యాయం చెప్పాలి, మేలు కూడా చేశారు. ఇదివరకు 120 రోజుల ముందు నుంచి బుకింగు ఉండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులు చేశారు. నాలుగు నెలల ముందే భక్తి పుట్టాల్సిన అవసరం తప్పింది, ఇప్పుడు రెండు నెలల ముందు పుడితే చాలు. అయితే మా చుట్టాల్లో అరవై రోజుల ముందు కబురు పెట్టి జబ్బు పడే మర్యాద ఎవరికీ లేదు. అలాంటివాళ్ల కోసం తత్కాల్ ఉంది. ఏసీకి పొద్దున పది గంటలకు, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. 2025 జులై నుంచి ఆధార్‌తో ముడిపెట్టారు, ఓటీపీ కొట్టాలి. దళారుల ఆట కట్టడానికేనట. మంచిదే. కానీ ఆ ఓటీపీ వచ్చే ఫోను ఆ వేళకు మా మనవడి చేతిలో బొమ్మలు చూస్తుంటుంది. వాణ్ణి ఏడిపించి గుంజుకునేసరికి బెర్తులు హారతి కర్పూరం. వయసు మళ్లినవాళ్లకు మరో దెబ్బ. టికెట్టు మీద అరవై దాటిన మగవాళ్లకు నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు యాభై శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా రాగానే అది పోయింది. కరోనా వెళ్లిపోయింది, రాయితీ తిరిగి రాలేదు.

ఇక ఆర్‌ఏసీ. ఛార్జీ నిండా, బెర్తు సగం. పక్క వరసలో కింది బెర్తు మీద ముక్కూ మొహం తెలియని ఇద్దరిని ఎదురెదురుగా కూచోబెడతారు. ఇంద్రుడు అర్ధాసనం ఇస్తే పురాణంలో గౌరవం. ఇక్కడ అది రాత్రంతా మోకాళ్ల యుద్ధం. పడుకోమని ఎదుటివాణ్ణి అడిగితే మనం కూచోవాలి, అడగకపోతే ఇద్దరం కూచోవాలి. కర్నూలు దాకా మర్యాదలు, కర్నూలు దాటాక ఎవరి దుప్పటి వాళ్లది.

ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలకు మా బిడ్డ, అల్లుడు జర్మనీ నుంచి వచ్చారు. ఈ బాధలన్నీ అల్లుడికి చెప్పుకుంటే అతను నవ్వి, "మామయ్యా, అక్కడ టికెట్టు వేరే, సీటు వేరే" అన్నాడు.

"అంటే కూచోవడానికి మళ్లీ పైసలా?"

"కావాలంటేనే. ఐదారు యూరోలు. లేదంటే ఖాళీ ఉన్నకాడ కూచోవచ్చు, లేకుంటే నిలబడొచ్చు."

అక్కడ సీటు మీద చిన్న తెర ఉంటుందట, ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా ఎవరో తీసుకున్నారని అందులో పడుతుంది. రైలు కదిలిన పావుగంటలో ఆ మనిషి రాకపోతే అతని హక్కు పోయినట్టే. ఫ్రాన్సులో పాస్ కొనుక్కున్నా టీజీవీ ఎక్కాలంటే సీటుకు మళ్లీ కట్టాలి. జర్మనీలో నెలకింతని కట్టి దేశమంతా తిరిగే టికెట్టుంది, 2023లో 49 యూరోలకు మొదలై ఇప్పుడు 63కు చేరింది, అదీ ఊళ్ల బళ్లకే గాని వేగం రైళ్లకు చెల్లదు. ఇటలీలో చిన్న రైళ్ల కాగితం టికెట్టును స్టేషన్లో మిషనులో గుద్దించుకోవడం మరిచిపోతే జరిమానా. విన్నకొద్దీ నాకు ధైర్యమొచ్చింది. గృహస్థును ఏడిపించే విద్య మనకొక్కరికే తెలుసనుకున్నాను. నిలబడి పోయే హక్కు గురించి అల్లుడు గొప్పగా చెప్పాడు గాని, వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది మొదలు ఆ హక్కును మనవాళ్లు దండిగానే వాడుకున్నారు.

అయినా ఒక్క విషయంలో జర్మనీవాడే మేలనిపించింది. సీటు ఖరీదు ఎంతో మొహం మీద చెప్తున్నాడు, ఇష్టముంటే కట్టు, లేకుంటే నిలబడు అంటున్నాడు. మనకు సీటు ఖరీదు రెండు నెలల నిద్ర, అది ఏ రసీదులోనూ రాయరు. నా నుంచి ఆ ఐదారు యూరోలు తీసుకోండి, ఇంకో వంద కలిపి తీసుకోండి. టికెట్టు కొన్న రోజే ఉందనో లేదనో చెప్పండి. గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూసి అన్న ఆ "లేదు" ఎంత దయగల మాటో ఇప్పుడర్థమవుతోంది.

తిరుపతి ప్రయాణానికి ప్రస్తుతం మాకు రెండు బెర్తులు ఖాయం, ఒకటి ఆర్‌ఏసీ. మనవడికి ఇంకా ఐదేళ్లు నిండలేదు, వాడికి టికెట్టే అక్కర్లేదు. నాలుగో మనిషి ఇంకా జాబితాలోనే. దాని గురించి ఇంట్లో పంచాయతీ నడుస్తుంటే అల్లుడు కలగజేసుకుని, "నేను జనరల్‌లో నిలబడి వస్తాలే మామయ్యా, నాకలవాటే" అన్నాడు. మా ఆమె నా వైపు చూసిన చూపు ఏ ఫిర్యాదులోనూ రాయలేను. అల్లుణ్ణి నిలబెట్టి తిరుపతి తీసుకుపోయిన మామ అని లాల్‌దర్వాజా నుంచి ఛత్రినాక దాకా పేరు పోవడానికి ఏ కోటా అక్కర్లేదు, అది మాత్రం వెంటనే కన్ఫర్మ్.