ఎమ్మెల్యేగారి కరపత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు సంజీవనీ వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ సీమలోని కొల్చారం వాడని మనవాళ్లు చెప్పుకుంటారు. మూలంలో ఆధారం లేనిదాని జోలికి పోనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. అదే తెలంగాణలో, 119 నియోజకవర్గాల్లో దేనికైనా అతికే ఒక కరపత్రానికి టీకా రాయబోతున్న నాకు ఆ ఒట్టు కుదరదు. ఇందులో అసలు సంగతి మూలంలో లేనిచోటే ఉంది.

కవి ఫలానా అని లేదు. ఇటువంటి కరపత్రాలు చాలా చదివాక వాటి పోలికలన్నీ కలిపి కూర్చిన పాఠమిది. పార్టీ పేరు ఏది పెట్టి చదివినా అక్షరం మారదు.

మూలం

గౌరవనీయులైన ప్రజలందరికీ నమస్కారములు. మీ ఆశీస్సులతో గెలిచి, నియోజకవర్గ సర్వతోముఖాభివృద్ధికి అహర్నిశలు కృషి చేస్తూ, మీ గ్రామమునకు సీసీ రోడ్డు, మురుగు కాల్వ మంజూరు చేయించడమైనది. కల్యాణలక్ష్మి, సీఎంఆర్ఎఫ్ చెక్కులు అందజేయడమైనది. మిగిలిన సమస్యలు దశలవారీగా పరిష్కరించబడును. ఇట్లు, మీ సేవకుడు, శాసనసభ్యులు.

ప్రతిపదార్థం

గౌరవనీయులైన ప్రజలందరికీ = ఓటరు జాబితాలో పేరున్నవారికి; నమస్కారములు = రెండు చేతులు జోడించిన ఫొటో. మీ ఆశీస్సులతో = మీ ఓట్లతో. ఓడినవారికీ ఆశీస్సులుంటాయి, చాలవంతే.

సర్వతోముఖాభివృద్ధికి = అన్ని దిక్కులా ముఖాలు గల అభివృద్ధికి. ఈ సమాసానికి విగ్రహవాక్యం కరపత్రం పైభాగంలోనే అచ్చయి ఉంటుంది: నడుమ ముఖ్యమంత్రి ముఖం, కుడివైపు జిల్లా మంత్రి ముఖం, ఎడమవైపు పార్టీ అధ్యక్షుడి ముఖం, అడుగున వరసగా మండల నాయకుల ముఖాలు. అభివృద్ధికి ఇక చోటు మిగిలేది వెనక పేజీలోనే. ఈ మాటకే మరో ప్రసిద్ధ ప్రయోగం పార్టీ మారిన రోజున వినపడుతుంది. ఎవరు ఎటు మారినా చెప్పే కారణం నియోజకవర్గ అభివృద్ధే. ఫిరాయింపులను ఆపడానికి 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. తీర్పు చెప్పే పని స్పీకర్‌కు అప్పగించారు. ఎన్నాళ్లలో చెప్పాలో రాయలేదు. తెలంగాణ స్పీకర్ దగ్గరున్న అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది. సర్వతోముఖం గనక ఎటు తిరిగినా ముఖమే కనపడుతుంది, వీపు కనపడదు.

అహర్నిశలు = పగలు పెళ్లిళ్లు, రాత్రి రిసెప్షన్లు, నడుమ దశదిన కర్మలు. ఇది వెటకారమనుకునేరు. మా వైపు ఎమ్మెల్యేని జనం తూచేది ఎక్కువగా ఇక్కడే. అసెంబ్లీకి రాలేదని ఎవరూ నిష్ఠూరమాడరు. ముసలాయన పోతే పరామర్శకు రాలేదన్న మాట మాత్రం మళ్లీ ఎన్నికల దాకా నిలుస్తుంది.

మీ గ్రామమునకు సీసీ రోడ్డు, మురుగు కాల్వ = ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు కూర్చోక తప్పదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి: తాగునీరు, రోడ్లు, కల్వర్టులు, పారిశుద్ధ్యం వగైరా. పంచాయతీలకు అప్పగించదగిన పనులని రాజ్యాంగమే పేరుపెట్టి చెప్పిన జాబితా అది. కాబట్టి ఈ వాక్యంలోని రోడ్డూ కాల్వా సర్పంచ్ కరపత్రంలో ఉండవలసినవి.

మరి డబ్బెక్కడిది? పల్లెల్లో మనం చూసే సీసీ రోడ్లలో చాలా వాటికి ఉపాధి హామీ నుంచి వచ్చింది. 2005 నాటి ఆ చట్టం ప్రకారం ఖర్చులో కనీసం 60 శాతం కూలీలకు పోవాలనీ, సామగ్రికి 40 శాతం మించరాదనీ ఉండేది. ఆ సామగ్రి వాటాలోంచే సిమెంటు, కంకర. అంటే మండుటెండలో చెరువు పూడిక తీసిన ఆడకూలీ ఎంత ఎక్కువ పనిచేస్తే రోడ్డు వేసే సామగ్రి వాటా అంత పెరిగినట్టు. శిలాఫలకం మీద ఆమె పేరు చెక్కే ఆచారం ఎక్కడా లేదు.

ఇక ఎమ్మెల్యేగారి నియోజకవర్గ అభివృద్ధి నిధి సంగతి. దీనికి పెద్దన్న ఎంపీ ల్యాడ్స్. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరులో మొదలుపెట్టారు. గమ్మత్తు చూడండి: ఊరి పనులు పంచాయతీవని రాజ్యాంగంలోకి ఎక్కించిందీ అదే ఏడు, ఊరి పనులకు ఎంపీ చేతికి నిధి ఇచ్చిందీ అదే ఏడు. చాలా రాష్ట్రాలు ఎమ్మెల్యేలకు పెట్టిన నిధి ఆ తరహాదే. ఎంపీ చేసేది సిఫారసే, మంజూరు జిల్లా అధికారులది.

మంజూరు చేయించడమైనది = ఈ క్రియకు కర్త లేడు. లేకపోవడమే దీని అందం. ఎవరు చేయించారు, ఎవరు చేశారు, ఎంతవరకు చేశారు అన్న మూడు ప్రశ్నలనూ ఒక్క పదం మింగేసింది. మంజూరు అనే మెట్టు ఎక్కడుందో తెలియాలంటే మెట్లన్నీ తెలియాలి. ముందు ఎస్టిమేటు వేయాలి. పరిపాలనా ఆమోదం రావాలి, తర్వాత సాంకేతిక ఆమోదం. టెండరు పిలవాలి, లేదా టెండరు అక్కర్లేని పరిమితిలోకి ఇమిడేలా రోడ్డును ముక్కలు చేసి నామినేషన్ మీద ఇవ్వాలి. అగ్రిమెంటు కావాలి. పని జరగాలి. ఏఈ వచ్చి కొలిచి కొలతల పుస్తకం ఎంబీలో రాయాలి, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేయాలి. బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, టోకెన్ పడాలి, టోకెన్ పడ్డాక డబ్బు పడాలి. కరపత్రంలో మంజూరంటే ఇందులో మొదటి ఒకటి రెండు మెట్లు. ఊళ్లోకి ప్రొసీడింగ్ కాపీ వస్తుంది, నాయకుడికి శాలువా పడుతుంది, కొబ్బరికాయ పగులుతుంది. చివరి మెట్టు మీద నిలబడ్డ చిన్న కాంట్రాక్టరు, చాలాచోట్ల అతనే మాజీ సర్పంచ్, వడ్డీ కట్టుకుంటూ “బిల్లు పడిందా?” అని ఫోన్లు చేస్తుంటాడు. వ్యాకరణంలో దీన్ని అసమాపక క్రియ అనరు గానీ, అనవచ్చు.

చెక్కులు అందజేయడమైనది = ఆడపిల్ల పెళ్లికి సాయమిచ్చే కల్యాణలక్ష్మి 2014 అక్టోబరు 2న 51 వేల రూపాయలతో మొదలైంది, 2018 నాటికి 1,00,116 అయింది. ఆ చివరి 116లో పెళ్లి కట్నాల వాసన ఉంది. ప్రభుత్వ పథకాన్ని ఇంటివాళ్లు చదివించినట్టు వినిపించేలా ఎవరో రసికుడు పెట్టిన అంకె. సొమ్ము ఖజానాది, అర్హత ప్రభుత్వ ఉత్తర్వులది, విచారణ తహసీల్దారు కార్యాలయానిది. ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేయించి ఎమ్మెల్యేగారి చేతి మీదుగా ఇప్పిస్తే అదే సొమ్ము ఆశీర్వచనంగా మారుతుంది. పింఛను బ్యాంకు ఖాతాలో తనంతట తాను పడగలిగే రోజుల్లో ఈ చెక్కు ఇంకా కాగితం రూపంలో ఎందుకుందో ఈ సన్నివేశమే వివరిస్తుంది.

దశలవారీగా = ఎన్ని దశలో చెప్పకుండా. పరిష్కరించబడును = కర్మణి ప్రయోగం; చేసేవాడు భవిష్యత్తులో ఎవరైనా కావచ్చు.

తాత్పర్యం

రోడ్డు వేయిస్తున్నాను, చెక్కు ఇచ్చాను, చావుకు వచ్చాను, మళ్లీ వస్తాను.

పాఠాంతరాలు

ప్రతిపక్ష ఎమ్మెల్యే ప్రతిలో “మంజూరు చేయించడమైనది” అన్నచోట “మంజూరు చేయవలసిందిగా వినతిపత్రం సమర్పించడమైనది” అని ఉంటుంది. అక్కడ శంకుస్థాపన నాడు గెలిచిన ఎమ్మెల్యే ఒకవైపు, ఓడిపోయిన అధికార పార్టీ అభ్యర్థి “నియోజకవర్గ ఇన్‌చార్జి” హోదాలో మరోవైపు కొబ్బరికాయలతో సిద్ధమవుతారు. ఇన్‌చార్జి అనే పదవి రాజ్యాంగంలో ఏ అధికరణంలోనూ లేదు. పోలీసు బందోబస్తు మాత్రం ఉంటుంది.

అధ్యాహారం

మూలంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చుకోవడం అధ్యాహారం. ఈ మూలంలో మొదటినుంచి చివరిదాకా లేని పదం శాసనసభ. చిట్టచివర బిరుదులో ఉంది, క్రియల్లో ఎక్కడా లేదు. రాష్ట్ర బడ్జెట్‌లో ఏ పద్దుకు ఎంత ఇవ్వాలో ఓటు వేయగలిగింది ఈయన ఒక్కరే. సర్పంచ్ వేయలేడు, కలెక్టర్ వేయలేడు. నక్షత్ర గుర్తు ప్రశ్న వేసి మంత్రిని సభలో నిలబెట్టి, జవాబు మీద మళ్లీ అనుబంధ ప్రశ్న అడగగలిగిందీ ఈయనే. కోత తీర్మానం ఇవ్వవచ్చు. ప్రజాపద్దుల సంఘంలో కూర్చుని కాగ్ నివేదిక చేతపట్టి అధికారుల్ని నిలదీయవచ్చు. ఇన్ని ఆయుధాలుండగా కరపత్రంలోకి ఎక్కింది మురుగు కాల్వ. గడువు ముగిసేసరికి చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టే పద్ధతికి సభలో గిలెటిన్ అని పేరు. వేలకోట్ల పద్దులు అలా దాటిపోయిన సాయంత్రం సభ్యుడు ఏమన్నాడో చెప్పిన కరపత్రం నా కంటపడలేదు.

శంక: మరి ఇది కవి దోషమేనా?

సమాధానం: సగమే. పొద్దున ఆరింటికి ఆయన గేటు ముందు నిలబడేది మనమే. నిమ్స్ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు, ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న ఎల్వోసీ పత్రం కావాలి, పిల్ల టీచరు బదిలీ కావాలి, పొలం గట్టు కేసులో ఎస్సైకి ఒక మాట చెప్పాలి. ఆ వచ్చినవాణ్ని పట్టుకుని “బాబూ, ఇది పదకొండో షెడ్యూలు అంశం, పంచాయతీకి వెళ్లు” అంటే ఎవరూ మళ్లీ గెలవరు. వెళ్లమన్నా ఆ పంచాయతీ దగ్గర ఏముంది? తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు. ప్రత్యేకాధికారుల పాలన సాగింది, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. కింద తలుపు మూసేస్తే జనం పై తలుపే తడతారు. పై తలుపు వాడు కింది పనులు చేసిపెట్టి, అదే తన పని అని అచ్చు వేయించుకుంటాడు. కింది తలుపు తెరిపించే చట్టం చేయాల్సినవాడూ ఆయనే గనక, తొందరేమీ ఉండదు.

ఇంకో మాట. గన్నవరం నుంచి శాసనసభకు వచ్చిన పుచ్చలపల్లి సుందరయ్య అంతకుముందు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవాడన్న కథ తెలియని తెలుగువాడు అరుదు. చట్టసభలో నీటిపారుదల మీద ఆయన విప్పిన లెక్కలు ఎవరికి గుర్తు? సైకిలు కనపడుతుంది, ఉపన్యాసం కనపడదు. సీసీ రోడ్డుకూ కోత తీర్మానానికీ ఉన్న తేడా అదే.

శేష పదములు

మీ సేవకుడు = ఏకవచనం, వినయార్థం. శాసనసభ్యులు = బహువచనం, గౌరవార్థం. ఒకే సంతకంలో ఒకే మనిషికి రెండు వచనాలు. సభలోకి వెళ్లాక మళ్లీ ఏకవచనమే: ఒక సభ్యుడికి ఒక ఓటు, అదీ విప్ ఎటు వేయమంటే అటు.

సంతకం కింద పీఏ ఫోన్ నంబరు ఉంది. అది మూలంలో భాగం కాదని ఒక మతం. మూలమంతా అదేనని రెండో మతం. గేటు ముందు నిలబడేవారిలో ఎక్కువమంది ఈ రెండో మతంవారు.