రెండు చేతులూ కావాలి

నా భుజం మీద 8×42 అని చెక్కి ఉంటుంది. దూరాన ఉన్నదాన్ని ఎనిమిదింతలు దగ్గరగా చూపిస్తానని మొదటి అంకె చెబుతుంది. రెండోది నా ముందువైపు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. లోకం నన్ను బైనాక్యులర్స్ అంటుంది. మా మాస్టారు మాత్రం దుర్భిణి అనేవారు. నా రెండు గొట్టాల్లోనూ పట్టకాలు జతలుగా కూర్చుని ఉంటాయి. కటకం ఒక్కటే అయితే బొమ్మ తలకిందులుగా పడుతుంది. పట్టకాలు దాన్ని తిప్పి సరిగ్గా నిలబెడతాయి. ఈ అమరికకు 1854లో ఇటలీ వాడైన ఇగ్నాజియో పోర్రో పేటెంటు తీసుకున్నాడు. మా వంశానికి ఆయనే మూలపురుషుడు. నాకు బ్యాటరీ లేదు, ఛార్జింగు అక్కర్లేదు. వెలుతురుండి, పట్టుకునే మనిషి కదలకుండా నిలబడితే చాలు.

మాస్టారు నాయుడుపేట దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. జీతంలో కొంత దాచి నన్ను చెన్నైలో కొన్నారు. కొన్న వారమే పాసింజరు రైల్లో దొరవారిసత్రంలో దిగి, నన్ను మెడలో వేసుకుని నేలపట్టు చెరువుకు నడిచారు. 1976లో దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాలు వచ్చి చెరువు నిండాక, అక్కడి కడప చెట్లు నడుముదాకా నీళ్లలో మునిగి ఉంటాయి. వాటి కొమ్మల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. పక్క కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు. మూడు నాలుగు జాతులు ఒకే చెట్టు మీద కాపురముంటాయి. ఆ రద్దీలో కూడా తల్లి తన పిల్లను గుర్తుపట్టడంలో పొరబడదు.

గూడబాతు పిల్ల మేత తినడం నా అద్దాల్లోంచి చూసిన వాళ్లు దాన్ని మరిచిపోలేరు. తల్లి నోరు తెరుస్తుంది. పిల్ల తలంతా ఆ సంచీలోకి దూర్చి, గొంతులోకి వచ్చిన చేపను లాక్కుని తింటుంది. మాస్టారి వెంట వచ్చిన బడిపిల్లలు మొదటిసారి చూసి, తల్లి పిల్లను మింగేస్తోందని కంగారుపడేవారు. మాస్టారు ఏమీ చెప్పేవారు కాదు. "ఇంకాసేపు చూడు" అనేవారంతే. కాసేపటికి పిల్ల తల బయటికి వచ్చేది, నా వెనకనున్న కళ్లు పెద్దవయ్యేవి.

రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పారితే పొలానికి బలమని ఊరి రైతులు చెప్పుకుంటారు. పక్షుల జోలికి వాళ్లు పోకపోవడానికి అదీ ఒక కారణం. బోర్డు మీద రాసిన చట్టం కన్నా ఈ నమ్మకమే వాటిని ఎక్కువగా కాపాడిందని నేననుకుంటాను.

నన్ను వాడటానికి మాస్టారు నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు ఉత్త కంటితో పిట్టను పట్టుకోవాలి. ఆ తర్వాత చూపు దాని మీదినుంచి తీయకుండా, నన్ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ఆత్రంగా నన్నే ముందు ఎత్తుకుంటే కనిపించేది ఆకులే. చెట్టంతా వెతికినా పిట్ట దొరకదు. చూపు ముందు వెళ్లాలి, యంత్రం దాని వెనక రావాలి.

మాస్టారు రిటైరయ్యారు. మోకాళ్లు సహకరించలేదు. నేను బీరువాలో పట్టుచీరల పక్కకు చేరాను. తీరప్రాంతపు గాలిలో తేమకు నా కటకాల లోపల బూజు పట్టింది. ఆ చీకట్లోంచి ఇంటి చప్పుళ్లు వింటూ ఉండేదాన్ని. మొదట్లో సాయంత్రాలు అరుగు మీద మాటలు వినిపించేవి. పోనుపోను మాటలు తగ్గి, రకరకాల ఫోన్ల మోతలు ఎక్కువయ్యాయి. ఒకే గదిలో నలుగురున్నా నలుగురి గొంతులూ వినపడని రోజులు వచ్చాయి.

ఒక సంక్రాంతికి మాస్టారి కూతురూ అల్లుడూ హైదరాబాదు నుంచి వచ్చారు. వాళ్ల పాప ఆరో తరగతి. కళ్లజోడు పవరు మళ్లీ పెరిగిందని ఆ అమ్మ బాధ. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఫోను ముట్టకూడదని అల్లుడుగారు తీసి దాచేశారు. పాప ఏడవలేదు, గొడవా చెయ్యలేదు. మేడ మెట్ల మీద గడ్డం మోకాళ్లకు ఆనించుకుని కూర్చుంది. మధ్యాహ్నమంతా అట్లాగే ఉంది. సాయంత్రం టీవీ ముందుకు చేరింది.

మాస్టారు కూతుర్ని పిలిచి అన్నారు: "చేతిలోది లాక్కుని ఊరికే కూర్చోమంటే ఎవరు కూర్చుంటారమ్మా? నువ్వయినా కూర్చుంటావా?"

ఆ రాత్రే బీరువా తలుపు తెరుచుకుంది. మర్నాడు నన్ను బాగుచేయడానికి చెన్నై పంపించారు. బూజు తుడిపించుకుని కనుమ వెళ్లాక తిరిగొచ్చాను.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఒడిశాలోని చిలకా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చాలాచోట్ల మనిషి నిలబడగలిగేంత లోతే ఉంటుంది. పొడుగుకాళ్ల పక్షులకు కావలసింది సరిగ్గా అదే. మేమంతా అక్కడికి వెళ్లిన ఉదయం రోడ్డుకు దూరంగా ఫ్లెమింగోలు బారుగా నిలబడి ఉన్నాయి. పాప వాళ్లమ్మ ఫోను అడిగి తీసుకుని ఫొటో తీసింది. తెర మీద గులాబీ చుక్కలు పడ్డాయి. పెద్దది చేస్తే ఆ చుక్కలూ చెదిరిపోయాయి. "ఇంతేనా తాతా?" అంది.

మాస్టారు నన్ను ఆ పాప మెడలో వేశారు. "ఒక్కదాన్ని ఎంచుకో అమ్మడూ. చూపు తిప్పొద్దు. ఇప్పుడు ఎత్తు."

నన్ను పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఫోను అమ్మ సంచీలోకి వెళ్లింది. తీసుకో అని ఎవరూ చెప్పలేదు, పెట్టెయ్ అని కూడా ఎవరూ చెప్పలేదు.

మొదట నా వలయంలో నీళ్లూ ఆకాశమూ కలిసి ఊగాయి. పాప మోచేతులు పక్కటెముకలకు ఆనించుకున్నాక నిలిచాయి. అప్పుడు కనిపించింది. ఫ్లెమింగో మెడ వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి బురద గాలిస్తోంది. నాలుక పంపులా ఆడి నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లోని జల్లెడలో నాచూ చిన్న రొయ్యలూ మిగులుతాయి. ఆ తిండిలోని రంగే ఒంటికి పట్టి ఈకలు గులాబీ అవుతాయి. "మరి అది బూడిదరంగులో ఉందేం?" అని పాప అడిగింది. అది ఇంకా రంగెక్కని పిల్ల. మాస్టారు ఎన్నో ఏళ్లు తరగతిలో చెప్పిన సంగతిని పాప తనంతట తాను ప్రశ్నగా తెచ్చింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ కంటి సంగతి ఒకటి చెప్పాలి. ఫోను జానెడు, జానెడున్నర దూరంలో ఉంటుంది. దాన్ని చూసినంతసేపూ కంటి లోపలి సిలియరీ కండరాలు బిగిసే ఉంటాయి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడమూ తగ్గుతుంది. నన్ను కంటికి ఆనించుకున్నా, నేను చూపించేది దూరాన్నే కనుక ఆ కండరాలు సడలుతాయి. అద్దం ముక్కు పక్కనే ఉంటుంది, చూపు మాత్రం సరస్సు అవతల విశ్రాంతి తీసుకుంటుంది. ఆరుబయటి వెలుతురు చేసే మేలు దీనికి అదనం. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలల మీద జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడు అదనంగా పెట్టారు. మూడేళ్లకు ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. పీరియడు లేని బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. మాస్టారు ఇది అల్లుడికి చదివి వినిపించి, "వచ్చిన కళ్లజోడు దీంతో పోదు నాయనా, కొత్తగా రావడం తగ్గుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పారు.

ఫోనును నేను శత్రువనుకోను. పక్షులు దిగాయో లేదో కనుక్కోవడానికి మాస్టారు ఫోనే చేస్తారు. పాప ఇంటికొచ్చి, చూసిన వాటి పేర్లు అందులోనే వెతికి నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ పని సాయంత్రం ఇంట్లో జరిగింది, సరస్సు ఒడ్డున కాదు. నాకు ముఖ్యం అదే.

ఆ పాప తల్లి గురించి కూడా చెప్పాలి. సెలవులోనూ ఆఫీసు మెసేజీలకు జవాబులిచ్చే మనిషి. పాప దగ్గర్నుంచి నన్ను తీసుకుని, నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందును చూస్తూ ఉండిపోయింది. ఆ సందు దానికి నత్తను పట్టుకోవడానికి పనికొస్తుంది. సంచీలో ఫోను మోగింది. ఆమెకు వినిపించింది, నాకు తెలుసు. తియ్యలేదు.

అందుకే పెద్దవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఫోను మాన్పించే ముందు పిల్లలకు చూడటానికి ఒక చెరువో, గుట్టో, ఊరి చివర రావిచెట్టో చూపించండి. పక్కన మీరూ నిలబడండి. నాలాంటిది బీరువాలో ఉంటే తీయండి, లేకపోతే ఉత్త కళ్లయినా చాలు. నేలపట్టుకు వెళ్లదలచుకుంటే పొద్దున్నే వెళ్లండి, గట్టిగా మాట్లాడకండి. గూడబాతులు అక్టోబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి.