75 పరుగుల నేరం

మన క్రికెటర్లకు జవాబుదారీతనం లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 2025 ఏప్రిల్ 12 రాత్రి రఘునాథపల్లి హైవే పక్కన చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లూ ఒప్పుకోరు. ఉప్పల్‌లో పంజాబ్‌తో సన్‌రైజర్స్ ఐపీఎల్ ఆట. మహమ్మద్ షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్ లేదు. ఆఖరి ఓవర్లో స్టోయినిస్ వరసగా నాలుగు సిక్సర్లు కొట్టేసరికి హోటల్లో పంచాయితీ మొదలైంది.

"పది కోట్లు పెట్టి కొన్నం, గిట్లనా ఏసేది?" అన్నాడొకాయన. ఆయన చాయ్ డబ్బులు నెలాఖరు పద్దులో ఉన్నాయి గానీ, ఆ పది కోట్లు మాత్రం సొంత జేబులోంచి పోయినంత బాధ. "రేపటి సంది పక్కకు కూసోబెట్టాలె" అని ఇంకొకాయన తీర్మానించాడు. అభిషేక్ శర్మ 141 కొట్టి ఆట గెలిపించినా శిక్ష తగ్గించడానికి ఎవరూ ఇష్టపడలేదు. నవంబర్‌కల్లా ఫ్రాంచైజీ షమీని లక్నోకు అప్పజెప్పింది. నేరం రుజువు, శిక్ష అమలు, ఏడు నెలల్లో ఖతం.

ఆ రాత్రి పంచాయితీ మధ్యలో ఓ పిల్లగాడు తెలియక అడిగాడు: "ఆయన మీద భార్య పెట్టిన కేసేమైందే?"

"అది ఆలుమొగల లొల్లి. మనకెందుకురా?"

మా ఊరు చాయ్ తాగుతూ అన్న ఈ మాటనే ముంబైలో బీసీసీఐ కోటు వేసుకుని అంటుంది. 2018 మార్చిలో షమీ భార్య గృహహింస ఆరోపణలు చేశారు. కోల్‌కతాలో పోలీసు కేసయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రకటించిన వార్షిక కాంట్రాక్టుల్లో షమీ పేరు లేదు. ఆహా, బోర్డుకూ మనసుందే అనుకున్నారు అమాయకులు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆమె ఆరోపణల్లో డబ్బు ముచ్చట కూడా ఒకటుంది. అవినీతి నిరోధక విభాగం దాన్ని ఆరా తీసింది. ఫిక్సింగ్ లేదని తేల్చింది. మార్చి 22న 3 కోట్ల బి గ్రేడ్ కాంట్రాక్టు చేతిలో పెట్టారు. తక్కిన ఆరోపణలు? అవి ఏ విభాగం కిందకూ రావు. ఆట అమ్ముకున్నావా అని అడగడానికి ఓ పోలీసు ఉన్నతాధికారినే పెట్టుకున్న సంస్థకు, ఇంట్లో ఏం జరిగిందని అడగడానికి ఒక గుమాస్తా కూడా లేడు.

బోర్డుకు ఆడవాళ్ల గౌరవం పట్టదనుకుంటే మళ్లీ పొరపాటే. 2019 జనవరిలో హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్ ఓ టీవీ షోలో కాఫీ తాగుతూ అడ్డదిడ్డంగా వాగారు. రోజుల్లోనే సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా నుంచి వెనక్కి రప్పించారు. తర్వాత చెరో 20 లక్షల జుర్మానా. అంటే సోఫాలో కూర్చుని, కెమెరా ముందు, స్పాన్సర్లు చూస్తుండగా చేసిన తప్పుకు మన దగ్గర క్షమాపణే లేదు. గోడల మధ్యదైతే కోర్టు చూసుకుంటుంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో భార్య పెట్టిన కేసులో అలీపూర్ కోర్టు షమీ మీద వారెంట్ ఇచ్చింది, పైకోర్టు ఆపింది. అక్టోబర్‌లో ఆయన విశాఖ టెస్టులో దక్షిణాఫ్రికా మీద 35 పరుగులకు అయిదు వికెట్లు తీశాడు. విశాఖ లేచి నిలబడింది. ఇక వారెంట్ ఎవరికి గుర్తుంటుంది?

షమీ ఆ ఆరోపణలన్నీ అబద్ధమంటున్నాడు. అది ఆయన హక్కు. తేలేదాకా ఆయన నిర్దోషే, అందులో నాకు పేచీ లేదు. నా పేచీ తేల్చని వాళ్లతో. అబద్ధమైతే ఆయన మీది మచ్చ పోవడానికైనా ఎవరో ఒకరు విచారించాలి కదా! అమెరికా బేస్‌బాల్ వాళ్లు 2015లో దీనికో పద్ధతి పెట్టుకున్నారు. కోర్టు శిక్ష పడేదాకా ఆగరు, తామే విచారించుకుంటారు. క్రిమినల్ కేసే లేని అరోల్డిస్ చాప్‌మన్‌ను 2016లో 30 ఆటలకు పక్కన పెట్టారు. ఇలాంటిది మన బోర్డుకు చెబితే మర్యాదగా వింటారు, తర్వాత ఆ 30 ఆటల ప్రసార హక్కుల నష్టమెంతో లెక్క వేయమంటారు.

మన చట్టం మాత్రం తొందరగానే ఉంది పాపం. గృహహింస చట్టం 2005లో వచ్చింది. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేట్ ప్రయత్నించాలని అందులో రాసుంది. షమీ భార్య కేసులో ఆ ప్రయత్నించడం ఏళ్ల తరబడి సాగింది. 2025 జూలైలో కలకత్తా హైకోర్టు ఆమెకూ బిడ్డకూ కలిపి మధ్యంతర భరణం నెలకు 4 లక్షలని చెప్పి, అసలు కేసు ఆరు నెలల్లో ముగించమని కింది కోర్టును ఆదేశించింది.

అప్పుడు మేలుకున్నారు మన జనం. "నెలకు నాలుగు లక్షలా! ఏం జేస్కుంటదట?" ఫోన్లలో ఇదే గొడవ. ఆమె లెక్క అడిగినవాళ్లు సన్‌రైజర్స్ లెక్క అడగలేదు: ఆ సీజన్లో షమీ తొమ్మిది ఆటల్లో తీసింది ఆరు వికెట్లు, ఒక్కోటి కోటీ 66 లక్షల పైమాటే. భరణం ఏడాదికి 48 లక్షలు. వికెట్‌లో మూడో వంతు కూడా కాదు. అందులోనూ నెలకు రెండున్నర లక్షలు బిడ్డవి.